కాబట్టక్క మూడో అర

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. హాజరు పట్టీలో అదే రాస్తారు కూడా. కానీ లాండ్రీలో పనిచేసే పద్నాలుగు మందిలో ఒక్కరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. అందరికీ ఆమె కాబట్టక్క. ఎవరి నోట్లోంచైనా ‘కాబట్టి’ అన్న మాట ఊడిపడడమే ఆలస్యం, ఇస్త్రీపెట్టె నిలబెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, “ఆగాగు. ఆ కాబట్టి ఎక్కణ్నించి వచ్చింది?” అని అడుగుతుంది. అడిగి ఊరుకుంటుందా అంటే, ఆవిడ ఊరుకునే రకమైతే ఈ కథే ఉండేది కాదు.

ఆ లాండ్రీ ఒక సందు చివర పొడుగాటి రేకుల షెడ్డు. వాకిట్లో మూటలు దించే అరుగు, లోపల మూడు పెద్ద యంత్రాలు, వాటి వెనక ఆరేసే తాళ్లు, కిటికీల వైపు ఇస్త్రీ బల్లలు. ఒక ఆసుపత్రి బట్టలు, రెండు హోటళ్ల బట్టలు అక్కడికే వస్తాయి. పొద్దున ఏడింటికి మొదలైన ఆవిరి సాయంత్రం దాకా దిగదు. కాబట్టక్క పందొమ్మిదో ఏట అక్కడ చేరింది, ఇప్పుడు నలభై నాలుగు. చేరిన కొత్తలో ఆమెకు ఇస్త్రీ నేర్పింది యంత్రాల దగ్గరుండే తాత. అప్పటికాయన తాత కాదు, నిక్షేపంలాంటి మనిషి. ఆ తరవాత జుట్టు నెరిసింది, అందరూ తాతను చేసేశారు. మూటలు విప్పడం, జేబులు వెతకడం, యంత్రంలో వేయడం ఆయన పని.

ఇక ఆమెకు ఈ తర్కం పిచ్చి ఎలా పట్టిందంటే, వానవల్ల పట్టింది. నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం బస్సు కోసం గ్రంథాలయం ముందు నిలబడి ఉండగా కుండపోతగా కురిసింది. తడవడం ఎందుకని లోపలికి వెళ్లింది. ఒక గదిలో తొమ్మిది కుర్చీలు, ముగ్గురు మనుషులు, బోర్డు దగ్గర ఉద్యోగం విరమించిన మాస్టారు ఒకాయన. నాలుగో మనిషి వచ్చిందన్న సంతోషంలో ఆయన, ఎవరమ్మా ఏమిటమ్మా అని కూడా అడక్కుండా, చేతిలో కాగితం పెట్టి కూర్చోబెట్టేశారు.

బోర్డు మీద ఇలా ఉంది: వాన పడితే నేల తడుస్తుంది. నేల తడిసింది. కాబట్టి వాన పడింది.

“ఇది సరైన వాదనేనా?” అని మాస్టారు అడిగారు. ముందున్న ముగ్గురూ తలూపారు. కాబట్టక్కకు, అప్పటికింకా ఆమె కాబట్టక్క కాదు, ఒళ్లు మండింది.

“ఏం సరైందండీ? మా లాండ్రీలో నేల రోజూ తడిగానే ఉంటుంది. పైకప్పు వేసి ఇరవై ఏళ్లయింది, లోపల ఒక్క చినుకు పడలేదు” అంది.

మాస్టారు సుద్దముక్క కింద పెట్టేసి ఆమె వైపు అపురూపంగా చూశారు. “అమ్మా, నేను మూడు వారాలుగా చెబుతున్నది మీరు మూడు ముక్కల్లో చెప్పారు. వచ్చే బుధవారం తప్పకుండా రండి” అన్నారు. వెళ్లింది. ఆ తరవాత వాన ఉన్నా లేకపోయినా వెళ్లింది.

మాస్టారు చెప్పినదాన్ని ఆమె తన మాటల్లోకి మార్చుకుంది. ముందు చెప్పే సంగతులు పైమాటలు. ‘కాబట్టి’ తరవాత వచ్చేది కిందిమాట. పైమాటలన్నీ నిజమై ఉండి కూడా కిందిమాట అబద్ధమయ్యే సందర్భం ఒక్కటంటే ఒక్కటి ఉందా, వాదన చెల్లదు. ఎంత వెతికినా అలాంటిది ఒక్కటీ లేదా, చెల్లుతుంది. అంతే. మనిషి గొంతు ఎంత పెద్దదైనా, కుర్చీ ఎంత ఎత్తైనా, ఈ లెక్క మారదు. ఆ చివరి సంగతే ఆమెకు తెగ నచ్చింది. జీవితంలో మొదటిసారి, పెద్ద గొంతు వాళ్లను ఏమీ అనకుండానే ఆపగలిగే సాధనం చేతికి దొరికింది మరి.

ఇంట్లో వాళ్ల పాట్లు చెప్పనలవి కాదు. బడి బస్సు నడిపే మొగుడు ఒకరోజు ఆమె పక్కన కూర్చుని, “నీకు కోపమొస్తే మాట్లాడవు. పొద్దుట్నించీ మాట్లాడట్లేదు. కాబట్టి నీకు కోపమొచ్చింది. ఏం చేశానో చెబితే దిద్దుకుంటాను” అన్నాడు పాపం. ఆమె వేలెత్తి ఆగమంది. నోట్లోంచి ఒక్కొక్కటిగా నాలుగు పిన్నీసులు తీసి, కుడుతున్న పరదాకు గుచ్చింది. “చెల్లదండీ” అంది. ఆయన ఊపిరి పీల్చుకుని టీ పెట్టడానికి లేచాడు.

కూతురైతే తల్లిని మించింది. పదో తరగతి పరీక్షలకు ముందు, “పాసైతే సైకిల్ కొంటాను” అని కాబట్టక్క మాటిచ్చింది. లెక్కల్లో తప్పింది పిల్ల. తండ్రి ఓదారుస్తూ, “పాసవలేదు కాబట్టి ఈసారికి సైకిల్ లేదమ్మా” అన్నాడు. పిల్ల కళ్లు తుడుచుకుని తల్లి వైపు తిరిగింది. “అమ్మా, పాసైతే కొంటానన్నావు. పాసవకపోతే కొననని ఎక్కడన్నావు? నాన్న వాదన చెల్లదు కదా?” కాబట్టక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెల్లదని ఒప్పుకోక తప్పలేదు. సైకిల్ మాత్రం మళ్లీ పరీక్ష రాసి పాసయ్యాకే కొంది. చెల్లకపోవడం వేరు, కొనడం వేరని పిల్లకూ తెలిసొచ్చింది.

లాండ్రీలో ఆమె బోర్డు ఏమిటంటే, మడతపెట్టిన బట్టలు సర్దే అరల చట్రం. హోటలు నాప్కిన్లు రెండు రంగుల్లో వస్తాయి. తెల్లది నిజం, ఆకుపచ్చది అబద్ధం. రెండు మాటలున్న వాదనకు నాలుగు సందర్భాలు: రెండూ నిజం, మొదటిదొక్కటే నిజం, రెండోదొక్కటే నిజం, రెండూ అబద్ధం. ఒక్కో సందర్భానికి ఒక్కో అర. అరలో ముందు వరుసగా పైమాటల నాప్కిన్లు, చివర్న కిందిమాట నాప్కిన్. ముందువన్నీ తెల్లగా ఉండి చివరిది ఆకుపచ్చగా ఉన్న అర కనిపించిందా, వాదన గల్లంతే.

ఒక మంగళవారం పొద్దున ఆమె మడతల పిల్లకు ఈ ఆటే నేర్పుతోంది. మడతల పిల్ల అంటే నాప్కిన్లు మడిచే అమ్మాయి, చురుకైనది. “తాళం వేసి ఉంటే తలుపు తెరుచుకోదు. తలుపు తెరుచుకుంది. కాబట్టి తాళం వేసి లేదు. ఇది పగలగొట్టు చూద్దాం” అంది కాబట్టక్క. పిల్ల నాలుగు అరలూ నింపింది, చూసింది, మళ్లీ చూసింది. పగలలేదు. పగలదు, ఎందుకంటే అది చెల్లే వాదన. చుట్టూ చేరిన వాళ్లంతా తలా ఒక మాట వేశారు. మూట విప్పుతున్న తాత కూడా మెడ సాచి చూశాడు. ఆ ఆటలో అరగంట ఎలా గడిచిందో ఎవరికీ తెలియలేదు.

మధ్యాహ్నం రెండో యంత్రం తలుపు తీస్తే, ఆసుపత్రి డాక్టర్ల తెల్లకోట్లు నలభై, నీలంగా బయటికి వచ్చాయి. ఒక్కో కోటు మీద ఒక్కో దేశపటం.

మేడమ్ పరుగున వచ్చింది. లాండ్రీ ఆమె మామగారు పెట్టింది, నడుపుతున్నది ఆమె. మనసు చెడ్డది కాదుగానీ నోరు ముందు, ఆలోచన తరవాత. కోట్లు ఇంకా రాలేదని ఆసుపత్రి వాళ్లు అప్పటికే ఫోన్లో నానా మాటలూ అని ఉన్నారు. ఆ వేడి మీదే ఆమె అంది: “జేబులు చూడకుండా వేస్తే పెన్ను లోపలుండిపోయి కోట్లకు నీలం అంటుతుంది. ఇదిగో, అంటింది. కాబట్టి తాత జేబులు చూడలేదు. నాకిక ఓపిక లేదు. శనివారంతో తాత పని మానేయొచ్చు.”

యంత్రంలో పెన్ను దొరికిందా అంటే, వెతికినవాళ్లకు దొరకలేదు. బట్టలు బయటికి తీసింది తాతే. ఆయన్ను అడిగితే తడి నేలవైపు చూస్తూ, “నేనేమంటానమ్మా, మీరు అనేశారుగా” అన్నాడు. తాతకు కూతురింట్లో తిండికి లోటు లేదు. కానీ పొద్దున్నే ఆ సందులోకి నడిచి రాకపోతే ఆయనకు రోజు మొదలైనట్టే ఉండదు. ఇంట్లో కూర్చోబెడితే మూణ్నెల్లలో మంచం పడతానని ఆయనే అంటుంటాడు, నవ్వుతూనే అంటాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

కాబట్టక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. “మేడమ్, ఆ కాబట్టి...”

“నీ కాబట్టి నా దగ్గర కాదు” అంది మేడమ్.

“శుక్రవారం దాకా టైమివ్వండి. మీ వాదన చెల్లదని మీ కళ్లతో మీకే చూపిస్తాను. చూపించలేకపోతే మీ ఇష్టం.”

మేడమ్ కాసేపు నీలం కోట్లనూ, కాసేపు ఆమెనూ చూసి, సరే అంది.

బుధవారం మాస్టారికి చెబితే ఆయన విని, “చెల్లదు, ముమ్మాటికీ చెల్లదు. నేల తడిసిన వాదనే ఇది, కోటు మార్చుకుని వచ్చింది. కానీ ఒక్కటమ్మా. వాదన చెల్లదని రుజువు చేస్తే, తాత జేబులు చూశాడని రుజువైనట్టు కాదు” అన్నారు. కాబట్టక్క “తెలుసండీ తెలుసండీ” అంటూనే బస్సుకు పరిగెత్తింది. తెలుసనుకుంది. చెవిన పడడం వేరు, బుర్రకెక్కడం వేరు.

శుక్రవారం టీ వేళకు అందరూ అరల ముందు చేరారు. కాబట్టక్క కొత్త చీర కట్టుకొచ్చింది, కోర్టులో వకీలు కూడా అంత తయారయి రాడు. “మొదటి సంగతి, తాత జేబులు చూడలేదు. రెండో సంగతి, నీలం అంటింది” అంటూ నాలుగు అరలూ నింపుకుంటూ వెళ్లింది. మూడో అర దగ్గర ఆగింది. “ఇక్కడ తాత జేబులు చూశాడు. అయినా కోట్లకు నీలం అంటింది. మీ మొదటి పైమాట, చూడకపోతే అంటుతుందని. తాత చూశాడు గనక ఆ మాటకు ఇక్కడ వచ్చిన నష్టం లేదు, తెల్ల నాప్కిన్. రెండో పైమాట, అంటిందని. అదీ తెలుపే. కిందిమాట, చూడలేదని. అది ఆకుపచ్చ. పైవి రెండూ నిజం, కిందిది అబద్ధం. మీ వాదన చెల్లదు మేడమ్.”

“అరలో సరే. నా లాండ్రీలో అలా ఎలా జరుగుతుంది? చూశాక కూడా నీలం ఆకాశంలోంచి దిగిందా?” అంది మేడమ్. ఆ ప్రశ్న వస్తుందని కాబట్టక్కకు తెలుసు.

ఆ లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. ఒక్కో చోటి నుంచి వచ్చిన మూటను ఒక్కో రంగు నాడాతో కడతారు. ఆసుపత్రిది నీలం. నాడాలు ఒక కుట్టుపనమ్మ ఇంట్లో కూర్చుని గుడ్డపీలికలకు రంగు వేసి కుట్టి పంపుతుంది. మూట విప్పాక నాడా పక్కన వేయాలి. ఒక్కోసారి మరిచిపోతే బట్టలతోపాటు లోపలికి పోతుంది. కాబట్టక్క బకెట్లో సలసల కాగే నీళ్లు తెప్పించి, ఒక తెల్ల గుడ్డా, ఒక కొత్త నీలం నాడా వేసి కర్రతో తిప్పింది. గుడ్డ పైకి తీస్తే నీలం.

చప్పట్లు మోగాయి. మడతల పిల్ల ఈల వేసింది. మేడమ్ ఓటమిని పెద్దమనిషిలాగే ఒప్పుకుంది. “సరే, తాత ఉండొచ్చు. నాడా రంగు దిగుతోంది. కాబట్టి ఇది నాడా పనే. ఆ కుట్టుపనమ్మకు ఇకమీదట పని ఇచ్చేది లేదు” అంటూ తన గదిలోకి వెళ్లింది.

ఆ ‘కాబట్టి’ని ఎవరూ ఆపలేదు. కాబట్టక్క కూడా ఆపలేదు. ఆమె అప్పటికి రెండో కప్పు టీ తాగుతూ, మూడో అర గురించి మళ్లీ మొదట్నించి చెబుతోంది.

తాత ఆమెను ఆరేసిన దుప్పట్ల చాటుకు పిలిచాడు. చొక్కా లోపలి నుంచి మూతలేని నీలం పెన్ను ఒకటి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

“యంత్రంలోనే దొరికింది అమ్మాయ్. ఆ రోజు నువ్వు తాళం, తలుపు అని చెబుతుంటే వింటూ ఉండిపోయాను. ఆఖరి మూట జేబులు చూడకుండా వేసేశాను.”

కాబట్టక్కకు మొదట నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. “మంగళవారమే చెప్పొచ్చుగా తాతా.”

“చెబుదామనే అనుకున్నాను. నువ్వు నా కోసం అంత హుషారుగా తిరుగుతుంటే నోరు రాలేదు. అయితే మరి నీ అరలు తప్పా?”

“అరలు తప్పు కాదు. మేడమ్ వాదన అప్పుడూ చెల్లలేదు, ఇప్పుడూ చెల్లదు. కానీ మాట మాత్రం నిజం. చిరునామా సగమే రాసినా ఉత్తరం ఒక్కోసారి చేరుతుంది చూడు, అలా” అంది. మాస్టారు చెప్పింది ఇప్పటికి బుర్రకెక్కింది. ఎక్కినందుకు సంతోషమేమీ లేదు. “ఆ పెన్ను ఇటివ్వు తాతా. కాలవలో పడేస్తే సరి, ఎవరికీ తెలీదు” అని ఆమె నోరే అంది.

తాత పెన్ను ఇవ్వలేదు. “ఆ కుట్టుపనమ్మ సంగతేంటి? మేడమ్ ఆవిడకు ఫోన్ చేస్తోంది. నాడా రంగు దిగితే దిగనీ, ఈ కోట్లు పాడు చేసింది నాడా కాదుగా.”

కాబట్టక్క మొహం ఎర్రబడింది. నాలుగేళ్లుగా ఊళ్లో వాళ్ల కాబట్టిలన్నీ ఆపిన మనిషి, తనకు అక్కరకొచ్చిన ఒక్క కాబట్టిని చూసీ చూడనట్టు పోనిచ్చింది. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. టీ కప్పు తాడు కింద నేలమీదే పెట్టేసి తాత వెంట నడిచింది.

తాత మేడమ్ బల్ల మీద పెన్ను పెట్టి జరిగింది చెప్పాడు. కాబట్టక్క పక్కన నిలబడి, “ఆయన్ను కబుర్లలో పెట్టింది నేనే మేడమ్” అంది. మేడమ్ చేతిలోని ఫోన్ కింద పెట్టింది. మిగతావాళ్లు గుమ్మం దగ్గర గుంపుగా చేరారు.

“బావుంది” అంది మేడమ్. “ఇప్పుడు నా వంతు. జేబులు చూడకుండా బట్టలు వేసినవాళ్లను నేను పనిలో ఉంచను. తాత చూడకుండా వేశాడు. కాబట్టి తాతను ఉంచను. చెప్పు కాబట్టక్కా, ఇది చెల్లుతుందా, చెల్లదా?”

కాబట్టక్క మనసులోనే నాలుగు అరలూ పేర్చింది. ఒక్క సందు దొరికితే బావుండునని ఒకటికి నాలుగుసార్లు వెతికింది. దొరకలేదు. గుమ్మం దగ్గరి కళ్లన్నీ ఆమె మీదే ఉన్నాయి. చెల్లదని అడ్డంగా వాదిస్తే మేడమ్‌కు పట్టుకునేంత చదువు లేదు.

“ఉన్నది చెప్పమ్మాయ్” అన్నాడు తాత మెల్లగా.

“చెల్లుతుంది మేడమ్.”

గుమ్మం దగ్గర మడతల పిల్ల ఏడుపు అందుకుంది. కాబట్టక్క ఆపలేదు. “చెల్లుతుంది. కానీ చెల్లే వాదనకు ఇంకో సంగతుంది. కిందిమాట మీకు మింగుడు పడకపోతే, పైమాటల్లో ఒకటి పోవాలి. తాత చూడలేదన్నది పోదు, ఆయనే చెప్పాడు. మిగిలింది మీ మొదటి మాట. చూడనివాళ్లను ఉంచనన్నది నిజమో అబద్ధమో నా నాప్కిన్లకు తెలీదు. అది మీ నోటి మాట. మీరే చెప్పాలి.”

“మింగుడు పడలేదని నీకెవరు చెప్పారు?”

“పడితే నన్నెందుకు అడుగుతారు?”

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తుడిచినవే మళ్లీ తుడిచింది. చివరికి, “సరే, ఆ మొదటి మాట అబద్ధం అనుకో” అంది. “ఇన్నేళ్లలో ఒక్క మూట. ఈయన్ను పంపేస్తే ఇంతకంటే ఉద్ధరించేవాళ్లు ఎవరొస్తారు? తాత ఉంటాడు. కుట్టుపనమ్మకు నేను మంచిగా చెబుతాను, రంగు గట్టిది వాడమని. మీ ఇద్దరూ రేపు ఆ నలభై కోట్లూ మళ్లీ ఉతికి, సిరా వదిలిందాకా ఇంటికి కదలకండి. ఇక పాఠాలు టీ వేళకే. మూటలు విప్పే దగ్గర తర్కం వినిపించిందో, నేనూరుకోను.”

తాత రెండు చేతులూ జోడించాడు. మేడమ్ విసుగ్గా చెయ్యి విసిరి, “వెళ్లండి, వెళ్లండి, యంత్రం ఖాళీగా తిరుగుతోంది” అంది.

కాబట్టక్క తన బల్ల దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అక్కడికొచ్చాక తన్నుకొచ్చింది. చేతికందింది తీసుకుని కళ్లూ ముక్కూ బాగా తుడుచుకున్నాక చూస్తే, అది అప్పుడే ఇస్త్రీ చేసి పెట్టిన హోటలు మేనేజరు చొక్కా. ఒక్క నిమిషం నవ్వుకుని, దాన్ని మళ్లీ తడిపి, ఇస్త్రీపెట్టె అందుకుంది.